పాతికేళ్లు నిండిన బండి

మా పక్కింటి అన్నయ్య పోయారు. పోయిన నెల ఒక మధ్యాహ్నం, ఇంట్లోంచే ఆఫీస్ మీటింగ్‌లో మాట్లాడుతూ ఉండగా గుండె ఆగిపోయింది. న్యూజెర్సీలోని ఈ పార్సిప్పనీలో రక్తసంబంధం లేకుండా నాకు దొరికిన ఒకే ఒక్క అన్న ఆయన.

ఎరిగినవాళ్లకి ఆయన కంటే ముందు ఆయన కారు గుర్తొస్తుంది. స్కైలైన్. తొంభైల్లో జపాన్‌లో తయారైన స్పోర్ట్స్ కారు. దాని ముందు తరం బండి రేసుల్లో వరసపెట్టి గెలిచి ఆ పేరుకి ఒక మోజు తెచ్చిపెట్టింది. అమెరికాలో మాత్రం కంపెనీ దాన్ని అమ్మలేదు. అన్నయ్యకి ఆ పిచ్చి అమీర్‌పేటలో పట్టుకుంది. కంప్యూటర్ కోర్సు ఎగ్గొట్టి నెట్ సెంటర్‌లో రేసింగ్ గేమ్ ఆడేవారట. నేర్చుకున్న జావా మర్చిపోయానుగానీ ఆ మలుపులు మర్చిపోలేదు అనేవారు.

ఈ దేశపు రూల్స్‌కి తగ్గట్టు తయారుకాని కారుని పాతికేళ్లు నిండాకే ఇక్కడికి రానిస్తారు. ఆయన ఆగారు. నిండగానే ఓడలో తెప్పించారు. వదిన టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, కొత్త కోడలికి ఇచ్చినట్టు హారతిచ్చింది. ఆ రోజే ఎవరో ఆయన గ్రీన్‌కార్డ్ సంగతి ఎత్తారు. ఆయన ఆ క్యూలో నిలబడి అప్పటికే ఏళ్లు గడిచాయి.

"దీనికి వయసైపోతే చాలు, రానిస్తారు. మనకి వయసైపోతోందిగానీ రానివ్వట్లేదు" అన్నారు.

అందరం నవ్వాం. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతోంది.

స్టీరింగ్ కుడివైపు. అంటే మిగతా కార్లలో డ్రైవర్ ఉండే చోట వదిన కూర్చునేది. హైవే మీద వెళ్తూ తీరిగ్గా చిక్కుడుకాయలకు ఈనెలు తీసుకునేది. పక్క లేన్‌లోవాళ్లు చూసి హడలిపోయేవారు. అన్నయ్యకి అదొక వినోదం. కావాలనే ఆ కార్ల పక్కన కాసేపు నింపాదిగా నడిపేవారు. కానీ చిన్న రోడ్డు మీద ముందు బండిని దాటాలంటే ఎదురొచ్చేవి ఆయనకు కనపడవు. వదిన తొంగి చూసి "పోనీ" అంటేనే పోనిచ్చేవారు.

ఆ రోజుల్లో జపాన్ కంపెనీలు ఒక మాట అనుకుని, ఎంత గట్టి ఇంజన్‌కైనా కాగితం మీద ఒక హద్దు దాటి బలం చూపించేవి కావట. బండికి నిజంగా ఉన్నది అంతకంటే ఎక్కువే. అది చెప్పేటప్పుడు ఆయన ముఖం వెలిగిపోయేది. "కాగితం మీద ఎంతుంటే ఏంటమ్మా, ఎక్కితే తెలుస్తుంది." ఆయనా అంతే. వీసా కాగితాల్లో ఒక ఉద్యోగం, ఆఫీస్‌లో మోసింది నలుగురి పని. నా ఉద్యోగం పోయినప్పుడు ఒక్క సలహా ఇవ్వకుండా రోజూ సాయంత్రం ఆ కార్‌లో తిప్పి తీసుకొచ్చారు. ఆ మేలు ఎలా మర్చిపోను?

వదిన ఇక్కడ ఉంటున్నది ఆయన వీసా మీద. ఆయనతో పాటే అదీ పోయింది. లాయర్ కొన్నాళ్లు గడువు అడిగి చూస్తానన్నాడు, ఆ తర్వాత వెళ్లక తప్పదట. సామాన్లు సర్దడానికి నేను వెళ్తే, ఆవిడ ఊరికే గోడలు తుడుస్తూ కనపడింది. వీళ్లిద్దరి సంసారమంతా ఈ ఇంట్లోనే గడిచింది. "నేనెక్కడికెళ్లాలి? నాకున్నది ఇదే కదా" అంది.

మొన్న శనివారం కారు కొనుక్కోవడానికి ఒక అమెరికన్ వచ్చాడు. మర్యాదస్తుడు. కాగితాలన్నీ నిదానంగా చూసుకుని, వదిన దిగులుగా ఉండటం గమనించి, ధైర్యం చెబుతున్నట్టు అన్నాడు.

"డోంట్ వర్రీ, మ్యామ్. పేపర్స్ ఆర్ ఆల్ గుడ్. షీ ఈజ్ స్టేయింగ్ రైట్ హియర్ ఇన్ జెర్సీ."

వదిన నా చెయ్యి పట్టుకుంది. మామూలప్పుడైతే ఆవిడకి అర్థమయ్యే మాటే.

"ఎవర్ని అంటున్నాడు? నన్నా?"

"కారుని, వదినా" అన్నాను.

ఆవిడ చెయ్యి వదిలేసింది. "పోనీలే. అదైనా ఉంటుంది."

కారు తీసుకుని వెళ్తూ అతను వీధి మలుపు దగ్గర ఆగాడు. వెనక గుండ్రటి ఎర్ర లైట్లు నాలుగూ ఒక్కసారిగా వెలిగాయి. రోడ్డు మీద ఎవరూ లేరు. అయినా ఎదురుగా ఏమైనా వస్తోందేమోనని వదిన మెడ సాచి చూస్తూనే ఉంది.