ఉల్లిపొర రంగు పక్షులు

తొంభైల మొదట్లో మాట. మస్కట్‌లో, రూవి దగ్గర ఒక ఇంగ్లీషు టీచరమ్మ ఇంట్లో వంట చేసేదాన్ని. ఉద్యోగం ముగించుకుని తన దేశం వెళ్లిపోయే ఏడాది ఆవిడ దక్షిణాన ఉన్న సలాలాలో పక్షులు చూపించే టూరుకు బయల్దేరింది. తోడుగా నన్నూ రమ్మంది. పిట్టల కోసం ఇంత దూరమా అనుకున్నాను. మా గోదావరి వైపు కళ్లాల్లో తోలినా పోవవి.

సలాలాలో వానలు అప్పుడే వెనకబట్టాయి. కొండలన్నీ పచ్చగా ఉన్నాయి. ఎన్నాళ్లకో తడిమట్టి వాసన తగిలింది. మా బండి నడిపేవాడు జగిత్యాల కుర్రాడు. గైడు ఆ ఊరి పెద్దమనిషే, హిందీ బాగా వచ్చు.

వాగు పక్కన చెట్లకు గిజిగాడి గూళ్లు వేలాడుతున్నాయి. గైడు చూపించగానే అందరూ బైనాక్యులర్లు ఎత్తారు. మేడమ్ కూడా ఎత్తింది, గూళ్లు లేని వైపుకి. మెల్లగా ఆవిడ మోచెయ్యి పట్టుకుని తిప్పాను.

"నాకంతా మసకే. కంట్లో పొర పెరిగిందట. ఎవరికీ చెప్పకు. నువ్వు చూసి చెప్పు," అంది నా చెవిలో.

నాకొచ్చింది వంటింటి ఇంగ్లీషు. "పసుపు, మేడమ్. టర్మరిక్. ఫేస్ మాత్రం మాడిన దోశ," అన్నాను. ఆవిడ మెల్లగా తలాడించింది.

మర్నాడు సముద్రం ఒడ్డున పాతకాలపు రేవు శిథిలాలకు తీసుకెళ్లారు. ఒకప్పుడు అక్కణ్నుంచి ఓడల్లో సాంబ్రాణి వెళ్లేదట. కూలిన గోడల కింద మడుగు నిండా ఫ్లెమింగోలు, పొడుగు కాళ్ల రాజహంసలు.

"ఏం రంగు?" అడిగింది మేడమ్.

పింక్ అనబోయాను. కానీ అది కాదు. "ఆనియన్ స్కిన్, మేడమ్. లోపలి పొర."

ఆవిడ పకపకా నవ్వింది. ఆ చప్పుడుకి పక్షులన్నీ ఒక్కసారి లేచాయి. "రెక్కల కింద రెడ్ చిల్లీ! అంచు నలుపు!" అని అరిచేశాను. రెక్కల చప్పుడు ఎటు పోతే అటు ముఖం తిప్పుతూ మేడమ్ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

గైడుకు సంగతి అర్థమైపోయింది. తిడతాడనుకున్నాను. దగ్గరికొచ్చి హిందీలో నెమ్మదిగా, "బెహన్, ఇకనుంచి మీరిద్దరూ ముందు నిలబడండి. పేర్లు నేను చెప్తాను, రంగులు నువ్వు చెప్పు," అన్నాడు. టూరు అయిపోయేదాకా అలాగే జరిగింది.

తిరిగొస్తూ రోడ్డు పక్క కొబ్బరిబొండాల దగ్గర ఆగాం. డ్రైవరు నవ్వుతున్నాడు. "మేడమ్ నవ్వితే నువ్వు గట్ల ఒర్రితివేందక్కా? పిట్టలన్ని లేసిపాయె గదా!"

"పోతే పోయాయిలే తమ్ముడూ. మా మేడమ్ చూసేసింది," అన్నాను.

ఆ చలికాలమే ఆవిడ వెళ్లిపోయింది. నేను షినాస్ అనే ఊళ్లో ఇంకో ఇంట్లో కుదిరాను. ఒకరోజు మేడమ్ నంబరు కనుక్కుని అక్కడికి ఫోన్ చేసింది. ఆపరేషన్ అయిందట, చూపు బాగుందట.

"మా తోటలో పిట్టలన్నీ కనిపిస్తున్నాయి," అంది. "కానీ నువ్వు చెప్పిన రంగులొక్కటీ లేవు, అన్నీ బూడిదరంగే, ఏం చెయ్యను," అని నవ్వింది.