పన్నెకు పట్టిన తుప్పు

ఈ సంగతి జరిగేనాటికి నాకు అక్షరం ముక్క రాదు. బడికి పంపితే మగ్గానికి నూలు కండెలు ఎవరు చుడతారని చిన్నప్పుడు మా నాన్న అన్నాడు. పెళ్లయ్యాక ఆ మాట ఎవరూ ఎత్తలేదు. నిరుడు మనవరాలి పక్కన కూర్చుని నేర్చుకున్నాను. రాయడం వచ్చాక మొదట ఇదే రాయాలనిపించింది.

గద్వాలలో మాకు ఒకటే మగ్గం. నేత బిగువుగా రావాలని నూలు కండెలను తడిపి నేస్తాం. పోగును దగ్గరికి కొట్టే పన్నెకు దువ్వెనలా సన్నటి ఇనుప పళ్లు ఉంటాయి. నేత ఆపి లేచేముందు వాటిని పొడిగుడ్డతో తుడవాలి, లేకపోతే తుప్పు పడుతుంది. ఆ వానాకాలంలో ఒక పొద్దున మా ఆయన నేస్తుండగా వాళ్ల చిన్నాన్న చనిపోయాడని కబురు వచ్చింది. తుడవకుండానే లేచి వెళ్లాడు. సూతకం పదకొండు రోజులూ మా ఇళ్లలో మగ్గం ముట్టరు.

మూడో రోజుకే పన్నె పళ్లు ఎర్రబడ్డాయి. గుడ్డ పట్టుకుని వెళితే అత్తమ్మ అడ్డం వచ్చింది.

"సూతకంల మగ్గం ముడ్తవా? మీ అమ్మ గిదే నేర్పిందా?"

"నేస్తనా అత్తమ్మా? జర తుడుస్త గంతే."

"తుడిచినా ముట్టినట్టే."

"తుప్పుకు సూతకం తెల్వది కదా!"

"నోరు బాగనే లేస్తుంది. పో, బియ్యమేరు పో."

వెళ్లి బియ్యం ఏరాను. అందుకు నా మీద నాకే రోత.

పన్నెండో రోజు పన్నెను వెనక్కి జరిపితే, పోగుల మీద అడ్డంగా ఎండిన చీములాంటి మరక. వేళ్లకు ఎర్రటి జిగురు అంటింది, నెత్తుటి వాసన. అప్పటికి సగం చీర అయింది. వీపనగండ్ల ఊరి రైతామె ఒకామె కొత్తింట్లో అడుగుపెట్టే రోజు కట్టుకోవాలని చెప్పిన చీర అది. రంగు తానే వచ్చి ఎంచుకుంది. మగ్గం మీది బట్టను చెంపకు ఆనించి చూసుకుంది.

మా ఆయన బొటనవేలి మీద ఉమ్ముకుని మరకను రుద్దాడు. పోలేదు. మళ్లీ ఉమ్మాడు.

"ఏం గాదు, రేపు ముంగటికి నేస్త. కుచ్చిళ్లల్ల పోతది, ఎవ్వలకు కానరాదు" అన్నాడు.

"నీ ఉమ్మి కట్టుకొని ఆమె కొత్తింట్ల కాలు వెట్టాల్నా?"

"అబ్బో, మహారాణి! నిమ్మకాయ రుద్దుండ్రి, పోతది" అంది అత్తమ్మ వాకిట్లోంచి.

రుద్దారు. మరక ఇంకా వెడల్పయింది.

మర్నాడు పొద్దున ఆయన చాయ్ తాగడానికి హోటలుకు వెళ్లగానే కత్తెర తీసుకుని, ఆ సగం చీరను మరకతో సహా కోసేశాను. పోగులు తెగడంతో ఊడివచ్చిన పన్నెను కిరసనాయిలులో నానబెట్టి, పన్ను పన్నునూ కొబ్బరి పీచుతో తోమి, తుడిచి ఎండలో పెట్టాను. తర్వాత చీర ఆలస్యమవుతుందని, ఎందుకు ఆలస్యమో కూడా, ఆ రైతామెకు నా నోటితోనే చెప్పడానికి వీపనగండ్ల వెళ్లాను.