ఇద్దరికి ఒకే టికెట్

పట్టాలు తప్పిన రైలులోంచి లింగన్నను ఇనుము కోసి బయటికి తీశారు. పదమూడు నెలల తర్వాత, అతడు ఆ రైలు ప్రయాణికుడు కాడని తీర్పు చెప్పారు. అతని ఒంటిమీద టికెట్ దొరకలేదన్నది కారణం.

లింగన్న భార్య పెద్దక్కది అనంతపురం జిల్లా. వానలు లేక చేను బీడుపడిన ఏడాది ఇద్దరూ బెంగళూరు చేరి, బొమ్మనహళ్ళిలో రేకుల గదిలో కాపురం పెట్టారు. పదహారేళ్లుగా ఆమె తట్ట మోస్తోంది. అతడు స్లాబులకు ఇనుప కంబి కట్టేవాడు. హోసూరు రోడ్డుకు ఇరువైపులా వాళ్ల చేతుల మీదుగా లేచిన మేడలు చాలానే ఉన్నాయి. పని పూర్తయ్యాక వాళ్లను గేటు దాటనిచ్చిన మేడ ఒక్కటీ లేదు.

పక్కగదిలో ఓబులేష్, అతని భార్య కమలమ్మ. అందరిదీ ఒకే ఊరు, చెన్నరాయప్ప అనే ఒకే మేస్త్రీ కింద పని. మగవాళ్లిద్దరూ ఎక్కడికి వెళ్లినా కలిసే వెళ్లేవారు. ఓబులేష్ టికెట్ వరసలో నిలబడితే, లింగన్న బోగీలో చోటు పట్టేవాడు. ఇద్దరికీ కలిపి ఒకే టికెట్. జనరల్ టికెట్ మీద పేర్లుండవు, ఎందరన్నది మాత్రమే ఉంటుంది. అది ఎప్పుడూ ఓబులేష్ జోబులోనే ఉండేది.

“నీకిస్తే బీడీ చుట్టేస్తావు,” అనేవాడు ఓబులేష్.

“నువ్వు నడిదావలో దిగిపోతే నా గతేమప్పా?”

“నేను దిగేది బెంగళూర్లోనే. నన్నిడిసి యాడికీ పోవాకు, అంతే.”

ప్రమాదం జరిగిన ఏడాది పీర్ల పండక్కి ఇద్దరూ ఊరికి వెళ్లారు. స్లాబు పని ఉందని మేస్త్రీ ఆడవాళ్లను పంపలేదు. తిరుగు ప్రయాణంలో, మబ్బు తునక లేని మిట్టమధ్యాహ్నం, రైలు కింద పట్టా విరిగింది. మూడు బోగీలు బోల్తాపడ్డాయి. లింగన్న, ఓబులేష్ ఒకే బోగీలో, ఒకరి పక్కన ఒకరు పోయారు.

ఆసుపత్రిలో పోలీసులు ఓబులేష్ జోబులో దొరికినవి ఒక కవరులో వేసి కమలమ్మ చేతికిచ్చారు. పంచనామాలో రాసుకున్నది ఇంతే: పొగాకు పొట్లం, దువ్వెన, కాగితం ముక్క. అది ఏ కాగితమో విప్పి చూడవలసిన బాధ్యత ఉన్నవాడు చూడలేదు. ఊరిలో పూడ్చేటప్పుడు కమలమ్మ ఆ మూడింటినీ అతని కొత్త చొక్కా జోబులో పెట్టింది.

పరిహారం తేల్చే న్యాయపీఠం ముందుకు పెద్దక్క మూడుసార్లు బస్సులో నిలబడి వెళ్లింది. లింగన్న టికెట్ లేకుండా దొంగబండి ఎక్కి చచ్చాడన్న మాట అప్పటికే ఊరంతా తిరుగుతోంది. అది అబద్ధమని ఎవరైనా పెద్దమనిషి కాగితం మీద రాయాలి. ఆమెకు కావలసింది అదే. మూడోసారి ఆమెను బోనెక్కించారు.

“టికెట్ ఏదమ్మా?” అని అడిగాడు రైల్వే తరఫు వకీలు.

“ఓబులేష్ జోబులో ఉండాది సామీ.”

“ఆ ఓబులేష్ ఎక్కడ?”

“మట్టిలో ఉండాడు.”

వెనక బల్లమీద ఎవరో కిసుక్కుమన్నారు. వకీలు తలెత్తకుండానే, “అంటే టికెట్ లేదు,” అన్నాడు.

“లేకేమి? ఉండాదంటిని కదా. అయినా, టికెట్ లేనోడు ఎక్కితే రైలు పడిపోతాదా సామీ?”

అడిగినదానికి మాత్రమే జవాబు చెప్పమన్నారు.

చట్టం ఈ విషయంలో తడుముకోలేదు. మృతదేహం దగ్గర టికెట్ లేనంతమాత్రాన ప్రయాణికుడు కాడనడానికి వీల్లేదు. ఆప్తులు సంబంధిత వాస్తవాలను అఫిడవిట్‌లో ప్రమాణం చేసి చెప్పాక, అది తప్పని చూపే భారం రైలు నడిపేవారిదే. పెద్దక్క అలా ప్రమాణం చేసి చెప్పినా, ఆ భారాన్ని అక్కడ ఎవరూ ముట్టుకోలేదు. తట్ట అలవాటున్న మనిషి కదా, ఆమె నెత్తికే ఎత్తారు.

చెన్నరాయప్ప తనకు తోచిన దారి చెప్పాడు. “తహశీల్దారు ఆర్డరు తెస్తాను. తవ్వి తీసేద్దామమ్మా. ఒక్క పూట పని.”

ఆ సాయంత్రం కొళాయి దగ్గర పెద్దక్క కమలమ్మను అడిగింది.

“అది టికెట్టని నీకు తెలీదా కమలా?”

“తెల్సక్కా. దావలో ఎవురన్నా అడుగుతారేమోనని పెట్టినా.”

బిందె నిండి పొర్లుతుంటే పెద్దక్క కొళాయి కట్టేసింది.

“నీకు కావాల కదక్కా. తవ్వించుకో. నేనేమీ అనుకోను,” అంది కమలమ్మ. అంటూనే కొంగు నోట కుక్కుకుంది.

“పండుకున్నోన్ని టికెట్ చూపించమని లేపల్లా? ఊరుకో,” అని పెద్దక్క బిందె ఎత్తుకుంది. మర్నాడు మేస్త్రీకీ అదే చెప్పింది. ఆ మాటతో లింగన్న పేరు నిలబెట్టగల చివరి ఆధారం వదులుకుంటున్నానని ఆమెకు తెలుసు.

తీర్పు వచ్చింది. కమలమ్మ అర్జీనీ అదే కారణంతో కొట్టేశారు. ఆ తీర్పులో ‘టికెట్’ అన్న మాట పదకొండుసార్లు ఉంది. ‘పట్టా’ అన్న మాట ఒక్కసారీ లేదు. పట్టా సంగతి తేల్చవలసింది ఆ పీఠం కాదంటారు. సరే. తేల్చవలసిన విచారణ ముగిసింది, నివేదిక తయారైంది, అడిగితే బయటపెట్టలేమన్నారు. పట్టాల వెంట నడిచి కాపలా కాసే ఒక చిన్న ఉద్యోగిని మాత్రం సస్పెండ్ చేశారు. పెద్దక్క ఈ పొద్దు కూడా బొమ్మనహళ్ళిలో నాలుగో అంతస్తుకు ఇసుక మోస్తోంది.

రైళ్లు నడిపే అధికారులారా, వారిపైన కూర్చున్న మంత్రులారా! పెద్దక్కను ఒక కాగితం అడిగారు. ఇప్పుడు మీ కాగితాలు తీయండి. విరిగిన ఆ పట్టాను చివరిసారి పరీక్షించింది ఏ తేదీన? లోపం కనబడిందా? కనబడితే ఎవరు రాశారు, అది చదివి కూడా రైలును అదే వేగంతో పోనిమ్మని సంతకం పెట్టింది ఎవరు? ఆ నివేదికను మొదటి పుట నుంచి ఆఖరి సంతకం వరకు, తెలుగులోనూ కన్నడంలోనూ ప్రజల ముందు పెట్టండి. లింగన్న, ఓబులేష్ మీ రైలు ప్రయాణికులేనని రాసివ్వండి. ఆ కాగితాన్ని పోస్టులో పంపకండి. బొమ్మనహళ్ళికి మీరే వచ్చి, ఆ ఇద్దరు ఆడవాళ్ల చేతుల్లో పెట్టండి.