కాకర పందిట్లో నేనిచ్చిన తీర్పు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ లోకంలో ఒకటి ఉంటుందన్న సంగతి నాకు తెలియదు. (తెలిశాక కూడా ఒప్పుకోలేదు, అది వేరే మాట.) హిందూపురంలో డిగ్రీ ఆఖరి పరీక్షలు రాసి, ‘ఇంట్లో ఆడవాళ్ళ చాకిరీ’ మీద వక్తృత్వ పోటీలో గెలిచిన స్టీలు గిన్నెతో సహా పెనుకొండ దగ్గర మా ఊళ్ళో బస్సు దిగాను. ఆ ఏడు నాయన వేరుశనగ మానేసి మొదటిసారి కాకర పందిరి వేశాడు. అనంతపురంలో ఎమ్మే చదువుతానని నేను పట్టుబడితే, “ఈ పందిరి కాస్తే పోదువులేమ్మా” అన్నాడు. అంటే నా ఎమ్మే ఆ తీగలకు వేలాడుతోందన్నమాట.

అందుకే మరునాడే తనిఖీకి వెళ్ళాను. కొన్ని పూల వెనక బుల్లి పిందె ఉంది. చాలా పూల వెనక సన్నటి కాడ తప్ప ఏమీ లేదు. ఇవేమిటని అవ్వనడిగితే, “అవి మగపూలు, కాయవు” అని, కలుపు తీసుకుంటూ ముందుకు పోయింది. ఇంకొక్క మాట చెప్పి ఉంటే నా పరువు దక్కేది. కాయవు సరే, ఒక్కో ఆడపూవుకు ఇవి పదేసి ఉన్నాయి! నీళ్ళు తాగుతాయి, ఎరువు తింటాయి, పొద్దున్నే పచ్చగా ముస్తాబై కూర్చుంటాయి. మా ఊరి టీ అంగడి ముందు ఇలాంటివాళ్ళను రోజూ చూస్తూనే ఉన్నాను. (నేను చదివింది రాజనీతిశాస్త్రం, వృక్షశాస్త్రం కాదని దయచేసి గమనించాలి.) వారం రోజులు తెల్లవారగానే పోయి మొగ్గలతో సహా గిల్లిపారేశాను. పిల్ల పురుగులు ఏరుతోందనుకుని ఇంట్లో మురిసిపోయారు.

ఎనిమిదో రోజుకు పిందెలు పండుబారి రాలడం మొదలైంది. తెగులేమోనని నాయన మందు కొట్టబోయాడు. అవ్వ పందిరి కింద నిలబడి తలెత్తి చూసి, “మగపూలు యాడబోయినాయి?” అంది. నేనేమీ దాచలేదు. బహుమతి వచ్చిన ఉపన్యాసం మొత్తం, కాలేజీలో చప్పట్లు పడిన చోటల్లా ఆగుతూ, మళ్ళీ చెప్పాను. నాయన గట్టు మీద కూలబడి చివరిదాకా విన్నాడు.

“అంతా బాగానే ఉండాది. మరి పిందెకు నాయనెవరమ్మా?”

గిల్లిపారేసిన పూలలో ఒక్కటైనా పనికొస్తుందేమోనని పందిరి కింద వంగి వెతికాను.

మొగ్గలు మళ్ళీ విచ్చుకునేదాకా పక్కతోట నుంచి మగపూలు తెచ్చి పిందెపూలకు తాకించాలట. పక్కతోట మామ దగ్గరికి బుట్ట పట్టుకుని నన్నే పొమ్మంది అవ్వ. కిందటి సెలవుల్లోనే ఆయన్ని నలుగురిలో నిలబెట్టి, పెండ్లాం చాకిరీ చేస్తుంటే పేకాడే మగాడికి అన్నం దండగని కడిగేసి ఉన్నాను. నేను వచ్చిన పని విని అత్త పందిరి గుంజ పట్టుకుని నవ్వింది. మామ మాత్రం గంభీరంగానే ఉన్నాడు.

“ఏమ్మా, దండగోళ్ళతో పనిబడిందా?”

తలొంచుకుని బుట్ట చాపాను. ఆయనే బుట్ట నిండా కోసి, రెక్కలు తుంచి పుప్పొడి ఎలా అంటించాలో చూపించాడు. అలా పది పొద్దులు నేను పువ్వు పువ్వుకూ పెళ్ళి చేస్తూ తిరిగాను. ఇన్ని పెళ్ళిళ్ళు చేసిన అయ్యవారు ఈ సీమలోనే లేడని అవ్వ దారినపోయే వాళ్ళందరికీ చెప్పింది.

పందిరి కాసింది. ఆలస్యమైనా విరగకాసింది. అనంతపురం మార్కెట్టుకు మూటలు తోలిన ఆటోలోనే నా ట్రంకుపెట్టె కూడా ఎక్కింది. హాస్టలు ముందు దించాక నాయన అక్కడి పూలమొక్కలను అనుమానంగా చూసి, “వీటి జోలికి పోవద్దు తల్లీ” అని మాత్రం చెప్పి వెళ్ళాడు.

ఆ తర్వాత నేను చాలామందితో వాదించాను, ఇంకా వాదిస్తున్నాను, ఎక్కువసార్లు నాదే సరి. కానీ ఎప్పుడైనా కాకరకాయలు తరుగుతుంటే, ఖాళీ బుట్ట చాపి నోరు మెదపకుండా నిలబడ్డ ఆ పిల్ల గుర్తొచ్చి నవ్వుకుంటాను. ఎంత బుద్ధిమంతురాలో! మా ఆయనకు ఆమెను చూసే భాగ్యం మాత్రం ఇంతవరకు కలగలేదు.