నీళ్ళాయన కచేరీ

నీళ్ళు ఎక్కడ చప్పుడు చేస్తే అక్కడ ఆగిపోవడం, ఆయనకున్న జబ్బల్లా అదొక్కటే. ముప్ఫై ఏళ్ళు వయొలిన్ వాయించిన మనిషి, రెండేళ్ళ క్రితం దాన్ని పెట్టెలో పెట్టేసి నీళ్ళ వెంట పడ్డాడు. వీధివాళ్ళు అసలు పేరు మరిచిపోయి నీళ్ళాయన అనడం మొదలుపెట్టారు.

భార్య అగచాట్లు అన్నీ ఇన్నీ కావు. కారుతున్న కుళాయి బాగుచేయడానికి ప్లంబరు వస్తే, మంచి శ్రుతిలో ఉంది, పాడుచేయొద్దని ఆయన గుమ్మంలోనే అడ్డుపడ్డాడు. ప్లంబరు ఆవిడ వంక జాలిగా చూసి సామాను సర్దుకున్నాడు. వాన పడితే ఊరంతా లోపలికి పరిగెత్తేది, ఆయన గిన్నెలు పట్టుకుని బయటికి పరిగెత్తేవాడు. ఒకరోజు వంటింట్లో గరిటెలు తప్ప ఏమీ మిగల్లేదు.

"అన్నం గరిటెలో వండమంటారా?" అని అడిగిందావిడ.

"కాస్త ఆగు. ఈ గిన్నె ఇప్పుడిప్పుడే దారికొస్తోంది."

చివరికి పెద్ద హాల్లో నీళ్ళ కచేరీ పెట్టాడు. ఆవిడ ముందు వరసలో కూర్చోవాలని పట్టుబట్టాడు. ఆవిడకు మనసొప్పలేదు. రెండేళ్ళుగా చెవులు మందగిస్తున్నాయి, సన్నని స్వరాలు బొత్తిగా అందడం లేదు. ఆ సంగతి ఎవరికీ, ఆయనకు కూడా, చెప్పలేదు. చప్పట్లు ఎప్పుడు కొట్టాలో పక్కవాళ్ళను చూసి తెలుసుకోవచ్చులే అనుకుని వెళ్ళింది.

వేదిక మీద నలభై గాజు గిన్నెలు, ఒక్కోదాని కింద ఒక్కో దీపం. ఆయన గిన్నె అంచు మీటగానే నీటిలో అలలు లేచి, వాటి వెలుగు వెనక తెల్లటి తెర మీద పరుచుకుంది. పెద్ద స్వరానికి వెడల్పు అల, సన్నని స్వరానికి గీతల్లాంటి అలలు. చెవికి అందనిదంతా ఆవిడ కళ్ళెదుట కదిలింది. చప్పట్లు అందరికంటే ముందు ఆవిడే కొట్టింది.

జనం వెళ్ళిపోయాక వేదిక ఎక్కి నిలదీసింది. "నా చెవుల సంగతి మీకెప్పుడు తెలిసింది?"

"నేను అపస్వరం వాయించినా నువ్వు వంటింట్లోంచి తిట్టడం మానేశావు చూడు, అప్పుడు," అన్నాడాయన గిన్నె తుడుస్తూ. "ముప్ఫై ఏళ్ళ అలవాటు. తిట్టేవాళ్ళు లేకపోతే నాకు చెయ్యి ఆడదు."

ఆవిడ కొంగుతో కళ్ళు ఒత్తుకుని, ఒక్కొక్క గిన్నే మీటించి తెర వంక పరీక్షగా చూసింది.

"ఆ నాలుగోది వణుకుతోంది. ఇంతమందిలో అలాగే వాయించేశారా? సిగ్గుండాలి."

నీళ్ళాయన మొహం చేటంత చేసుకుని, నాలుగో గిన్నెలోంచి ఒక చెంచా నీళ్ళు తీసేశాడు.