అరువు మేనమామ

నిన్న సాయంత్రం మా వీధి చివరి ప్లీడరు గారి బంట్రోతు వచ్చి నా చేతిలో ఒక అచ్చు కాగితం పెట్టి వెళ్ళాడు. ప్లీడరు గారి మనవడికి ఏడాది నిండుతుందట, ఇంగ్లీషు తేదీ ప్రకారం శనివారం నాలుగు గంటలకు దయచేయవలెనట. అంచు చుట్టూ పువ్వులు, అక్షరాలు ముచ్చటగా ఉన్నాయి, వంక పెట్టడానికి ఏమీ లేదు. మా ఇంటావిడ మాత్రం దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "బొట్టు పెట్టి పిలవడానికి ఎవరూ రారా?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ మాట అడిగే హక్కు ఆవిడకుంది. ఒకప్పుడు ధవళేశ్వరంలో, దూరదేశం నుంచి వచ్చిన ఒక ఇల్లాలికి, బిడ్డ పుట్టినరోజుకు ఊరిని ఎలా పిలవాలో ఓనమాలు దిద్దించినట్టు నేర్పింది ఆవిడే.

అప్పట్లో నేను కాలవ ఆఫీసులో మట్టి కొలతల గుమాస్తాని. నా చదువు వీధిబడితో సరి. గట్ల మీద తాడు పట్టేవాళ్ళ పక్కన నిలబడి సొంతంగా నేర్చుకున్న లెక్క నాది, ఆ ఊపులోనే పంచాంగం గుణించడం కూడా పట్టుబడింది. మా హెడ్డు గుమాస్తా గారు పరీక్ష ప్యాసై వచ్చినవారు, పైగా నలుగురు కొడుకుల తండ్రి. మాకు పెళ్ళయి చాలా ఏళ్ళయినా, పట్టిసం వెళ్ళి వీరభద్రుడికి మొక్కుకున్నా, కడుపు పండలేదు. ఈ రెండు సంగతులూ పక్కపక్కన రాస్తుంటే ఇప్పటికీ నా లోపల ఎక్కడో చురుక్కుమంటుంది.

ఆ రోజుల్లోనే తంజావూరు వైపు నుంచి ఒక ఓవర్సీరు గారు బదిలీ మీద వచ్చారు. భార్యనూ, నెలల పిల్లవాణ్ణీ చెన్నపట్నంలో స్టీమరెక్కించి, కాకినాడలో దించి, అక్కణ్ణుంచి కాలవ పడవలో తెచ్చుకున్నారు. మాకు వాళ్ళు ఎంత పరాయివాళ్ళో వాళ్ళకు మా గోదావరి అంత పరాయిది. ఓవర్సీరు గారి భార్య చిన్నపిల్ల, ఆ పిల్లకు తెలుగు పది మాటలు కూడా రావు, మా ఇంటావిడను అక్కా అనేది, మిగిలినదంతా చేతులతో చెప్పేది. రోజూ మధ్యాహ్నం ఇద్దరూ మా అరుగు మీద కూర్చునేవారు, పిల్లవాడు మా ఆవిడ ఒళ్ళో ఉండేవాడు. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి వాడు నా పంచె అంచు పట్టుకుని లేచి నిలబడే రోజులు కూడా వచ్చాయి.

ఏడాది నిండేనాటికి వేడుక చెయ్యాలని ఆ పిల్ల ముచ్చటపడింది. వీధిలో ఆడవాళ్ళు అప్పటికే, "అరవ వాళ్ళింట్లో చింతపండు చారు తాగడానికి మనమెళ్ళాలా, చోద్యం కాకపోతే!" అని నవ్వుకుంటున్నారు. అప్పుడు మా ఆవిడ పాఠం మొదలుపెట్టింది. వండిన పదార్థం పెడితే ఎవరు తింటారు, ఎవరు తినరు అన్న పేచీ వస్తుంది కనుక, నానబెట్టిన శనగలు, కొబ్బరి, బెల్లం, అరటిపళ్ళు తాంబూలంతో చేతికివ్వమంది. పిలుపులకు మొదట వీధిలో అందరికన్నా పెద్ద ముత్తయిదువ ఇంటికి వెళ్ళాలనీ, గుమ్మంలో నిలబడి కబురు చెప్పి రాకుండా కూర్చుని మంచినీళ్ళు పుచ్చుకుని లేవాలనీ, ఒక్క ఇల్లు దాటేసినా ఏడాది పొడుగునా మాట పడాలనీ చెప్పింది. పిలుపులకు తోడు తానే వెళ్ళింది, పిల్లవాణ్ణెత్తుకుని. ఆ మొదటి ఇంటి పెద్దావిడ బొట్టు పెట్టించుకుని, మా ఆవిడ వంక చూసి, "బాబుని తల్లికివ్వమ్మా, నీకెందుకా మోత" అందట తియ్యగా. ఈ సంగతి మా ఆవిడ నాకు నవ్వుతూనే చెప్పింది, నేనూ నవ్వేసి ఊరుకున్నాను.

రోజు నిర్ణయించడంలో నా పని పడింది. మనం మాసమూ తిథీ చూస్తాం, వాళ్ళు సూర్యుడి లెక్కన నెలా నక్షత్రమూ చూస్తారు, ఆ ఏడు రెండూ వేరువేరు రోజుల్లో వచ్చాయి. తిథినాడు ఇంట్లో తలంటి హారతివ్వమనీ, నక్షత్రంనాడు పేరంటం పిలిచి చెవులు కుట్టించమనీ నేను లెక్క కట్టి చెబితే ఓవర్సీరు గారు ఎంతో సంతోషించారు. అప్పుడే ఆయన ఒక మాటన్నారు. చెవులు కుట్టేటప్పుడు బిడ్డ మేనమామ ఒళ్ళో కూర్చోవాలి, మనకూ ఉన్న ఆచారమే అది. ఆ పిల్ల అన్నగారు అంత దూరం నుంచి రాలేనని రాశారు. ఈ ఊళ్ళో ఎవరినైనా ఆ పీట మీద కూర్చోబెడితే, ఇక జన్మంతా ఆ బిడ్డకు మేనమామ ఆయనే.

నా మనసులో ఆశ పుట్టింది. నా వైపు కారణాలు ఒక వరసలో, మిగిలిన వాళ్ళ కారణాలు ఇంకో వరసలో వేసుకుని కూడితే ఎన్నిసార్లయినా మొగ్గు నా వైపే వచ్చేది. వాడికి నా పంచె తెలుసు, నా గొంతు తెలుసు. ఎవరూ అడక్కముందే రాజమండ్రి వెళ్ళి, మేనమామ పెట్టే బట్టలని, ఎర్ర పట్టు చొక్కా గుడ్డ కొని తెచ్చి పెట్టె అడుగున దాచాను.

ఓవర్సీరు గారు ఆఫీసులో అందరి ఎదుటా హెడ్డు గుమాస్తా గారి దగ్గరికి వెళ్ళి, చేతులు జోడించి, మేనమామ పీట మీద కూర్చోమని ఆయన్ను అడిగారు. ఆయన మీసం దువ్వుకుంటూ, "దానికేం భాగ్యం, మా ఇంట్లో నలుగురున్నారు, ఈ మేనల్లుడితో కలిపి అయిదుగురు" అన్నారు. అందరూ నవ్వారు. నేను తల వంచుకుని లెక్క రాస్తున్నట్టు నటించాను, ఆ పూట రాసినదంతా మర్నాడు కొట్టేసి మళ్ళీ రాయవలసి వచ్చింది.

వేడుకనాడు వీధి వీధంతా వచ్చింది, పిలుపు అంత పద్ధతిగా జరిగింది మరి. పందిట్లో హెడ్డు గుమాస్తా గారు పీట మీద దర్జాగా కూర్చున్నారు. కంసాలి సూది తీయగానే పిల్లవాడు కెవ్వుమన్నాడు, ఆయన వాణ్ణి గుండెకు హత్తుకుని ఊరడించారు, వాడు ఊరుకున్నాడు కూడా. ఊరుకోకుండా ఉంటే బాగుండునని నేను కోరుకున్నాను. మా ఆవిడ వెనక వరసలో, స్తంభం పక్కన నిలబడి, ఎవరికైనా శనగలు అందలేదేమోనని చూస్తోంది.

ఇంటికి వచ్చాక మా ఆవిడ పట్టుచీర మడత పెట్టబోయి పెట్టె తీసి ఆ ఎర్ర గుడ్డ చూసింది. దాన్ని చేత్తో నిమురుతూ అంది: "హెడ్డు గుమాస్తా గారిని అడగమని నేనే చెప్పానండీ. ఆ పిల్ల మొదట మీ పేరే అంది. నేనే వద్దన్నాను."

ఎందుకన్నావని అడిగాను.

"రేపు ఆ పసివాడికి ఒళ్ళు వెచ్చబడితే చాలండీ, గొడ్రాలి మొగుడి ఒళ్ళో కూర్చోబెట్టారు గనుకే అంటారు. మనల్ని అంటే పడతాం. ఆ పిల్ల ఈ ఊళ్ళో బతకొద్దూ? ఆ పెద్దావిడ నీకెందుకా మోత అన్నప్పుడే నాకు అర్థమైంది."

ఆ గుడ్డ ఆవిడే మర్నాడు తీసుకెళ్ళి ఇచ్చింది, పుట్టింటి తరఫున కాదు, మేనమామ తరఫున కాదు, ఉత్త పొరుగింటి తరఫున. ఆ చొక్కా పొట్టిదయ్యేదాకా వాడు తొడుక్కున్నాడు. హెడ్డు గుమాస్తా గారు వాణ్ణి ఎత్తుకుని, "మా మేనల్లుడికి ఎరుపు భలే నప్పిందయ్యా" అని నాతోనే అనేవారు. నేను అవునండీ అనేవాణ్ణి.

తరవాత ఓవర్సీరు గారికి బదిలీ అయింది. ఉత్తరాలు హెడ్డు గుమాస్తా గారికి వచ్చేవి, చివరలో మాకు క్షేమ సమాచారాలు ఉండేవి. మొన్నామధ్య కుర్రవాడి పెళ్ళికి ఆయన మేనమామ హోదాలో బట్టలు పట్టుకుని వెళ్ళి వచ్చారు. మా ఆవిడ హెడ్డు గుమాస్తా గారింటికి వెళ్ళి పెళ్ళి ముచ్చట్లన్నీ అడిగి తెలుసుకుని, పెళ్ళికొడుకు మంచి పొడగరి అయ్యాడటండీ అని మురిసిపోతూ చెప్పింది. ఆవిడకు అసూయ ఎందుకు లేదో నాకు ఏ లెక్కకూ అందలేదు. నాకైతే ఆ మనిషి మీద ఇవాళ్టికీ ఉంది.

ఇప్పుడు రైలు వచ్చింది, గోదావరి మీద వంతెన పడింది. ఎంత దూరపు మేనమామ అయినా ముందురోజు బండెక్కితే వేళకు దిగుతున్నాడు, పిల్లలు సొంత మేనమామల ఒళ్ళోనే కూర్చుంటున్నారు. మంచిదే, కాదనను. కొత్త ఊళ్ళో బిడ్డనెత్తుకున్న తల్లి ఇక ఇరుగుపొరుగుల వంక చూడనక్కరలేదు. మా రోజుల్లో ఆ పీట వీధిలో ఎవరో ఒకరికి దొరికేది. నాకు దొరకలేదు గానీ, దొరుకుతుందని ఆశపడడానికైనా ఉండేది.