మాప్ పట్టుకుని కోర్టులో దిగిన మా రూతక్క

నిన్న పొద్దున షాపు షట్టర్ సగం ఎత్తానో లేదో, రూతక్క టీమ్‌లో ఆడే జోనా ఫోన్.

ఏడుపు తప్ప మాట రావట్లేదు తనకి. చివరికి కోచ్ ఫోన్ తీసుకుని చెప్పారు.

రూతక్క ఇక లేదు.

ముందురోజు సాయంత్రం ప్రాక్టీస్ అయ్యాక రూమ్‌కి వెళ్ళి, గుండెల్లో నొప్పి అందట. హాస్పిటల్‌కి చేరేలోపే అంతా అయిపోయింది.

నేను నమ్మలేదు. ఆవిడ గుండె ఆగడమేంటి? రెండు అంతస్తులు ఎక్కితే ఆయాసపడేది నేను!

అయినా ఏడుపు పోస్ట్ రాయను. రాస్తే అక్క తిడుతుంది.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా. అక్కది రాజోలు దగ్గర పల్లెటూరు. ఆరడుగులకి రెండంగుళాలే తక్కువ. కాలేజీలో బాస్కెట్‌బాల్ ఆడింది, పెళ్ళయ్యాక మానేసింది. తర్వాత దుబాయ్ వచ్చి ఒక ఇంట్లో పనికి కుదిరింది. ఆదివారం సెలవు దొరికితే సత్వా ఏరియాలో మా షేరింగ్ రూమ్‌కి వచ్చేది. నేను ఆ పక్క సందులోనే టైలర్‌ని.

అక్క తను పనిచేసే ఇంటి మేడమ్ వాళ్ళ అమ్మాయిని బాస్కెట్‌బాల్ కోచింగ్‌కి తీసుకెళ్ళి, వాటర్ బాటిల్ పట్టుకుని బెంచీ మీద కూర్చునేది. ఒకరోజు ఆటకి ఒక మనిషి తక్కువైతే, కోచ్ ఈవిడ పొడుగు చూసి పిలిచారు.

చెప్పులు విడిచి దిగింది. పదేళ్ళ తర్వాత బంతి ముట్టుకున్న మనిషి అందరికీ చుక్కలు చూపించింది.

ఆ కోచ్‌కి లేడీస్ టీమ్ కూడా ఉంది. ఆడవాళ్ళకి జీతమిచ్చి ఆడించే లీగ్ ఇక్కడ అప్పుడే మొదలైంది. ప్రాక్టీస్‌కి రమ్మన్నారు.

ఆ మొదటిరోజు సంగతి వినాలి మీరు.

గంట ముందే వెళ్ళింది. ఎవరూ లేరు. మూలన మాప్ కనిపించింది.

కొత్త చోట డ్యూటీలో చేరితే ముందు ఫ్లోర్ తుడవాలి కదా! మనకి తెలిసిన పద్ధతి అదే. బకెట్ నిండా సోప్ కలిపి కోర్టు మొత్తం ఈ చివర నుంచి ఆ చివరకి తుడిచేసింది.

ముందుగా అడుగుపెట్టిన జోనా సర్రున జారి రింగ్ కింద తేలింది.

అక్కని అంతకుముందు చూడని టీమ్ మేనేజర్ పరిగెత్తుకొచ్చి హిందీలో ఒకటే అరుపులు. "ఈ కొత్త క్లీనర్‌ని ఎవరు పెట్టారు? కొత్త ప్లేయర్ ఎక్కడ?"

"రెండూ నేనే సార్" అంది అక్క.

ఆ రోజు ప్రాక్టీస్ ఖలాస్.

నెల తిరిగేసరికి టీమ్‌లో అందరికన్నా ఎక్కువ బాస్కెట్లు వేసేది తనే. మేడమ్‌కి చెప్పి ఇంటిపని మానేసింది. పాత వీసా కేన్సిల్ అయింది. కొత్తది రాకపోతే ఊరికి తిరుగుముఖమే.

అప్పుడు మేనేజర్ కాంట్రాక్ట్ పేపర్ ఇచ్చాడు. అక్కకి వీసా, ఇన్సూరెన్స్, ఏడాదికోసారి ఊరికి టికెట్. మంచి పేపరే.

ఇన్నేళ్ళు గల్ఫ్‌లో పనిచేసిన మనిషి కదా, పేపర్ చదవడం ఆవిడకి బాగా తెలుసు. జోనా వాళ్ళ పేపర్లు కూడా తెప్పించుకుని చూసింది. అందులో ఇవేవీ లేవు. జోనా పగలు కాఫీ షాపులో పనిచేసి సాయంత్రం ఆడేది. మిగతా పిల్లలదీ అదే పరిస్థితి.

అందరికీ ఇస్తేనే సంతకం అంది అక్క.

"ఇది ఆటమ్మా, ఉద్యోగం కాదు" అన్నాడట మేనేజర్.

"మ్యాచ్‌కి రాకపోతే జీతం కట్ చేస్తారా సార్?"

"చేస్తాం."

"అయితే ఉద్యోగమే కదండీ."

మూడు వారాలు మా రూమ్‌లో నా పక్కనే చాప వేసుకుని పడుకుంది. వీసా గడువు దగ్గరపడుతుంటే నాకు భయం పట్టుకుంది. ఒకరోజు గట్టిగానే అరిచాను. "ముందు నీ సంగతి చూసుకో అక్కా! వాళ్ళ గొడవ నీకెందుకు?"

"ఆయ్, నా సంగతే చూసుకుంటన్నానే. నా ఒక్కదానికే ఇత్తే, రేపు ఆ పిల్లలు నాకు బంతి ఎందుకిత్తారు?"



సీజన్ మొదటి మ్యాచ్ వారంలోకి వచ్చింది. జోనా, మిగతా అమ్మాయిలు మేము కూడా రామని కూర్చున్నారు. మేనేజర్ తల పట్టుకుని, "యల్లా, కానివ్వండి, వీసాలకి అందరి పాస్‌పోర్ట్ కాపీలు తెండి" అన్నాడు.

ఆ రోజు రూమ్‌లో చికెన్ బిర్యానీ. వండింది అక్కే, తిన్నది మేము.

తర్వాతిది మీలో చాలామంది చూశారు. ఆదివారం చర్చి నుంచి మన గోదావరి ఆడాళ్ళు చీరలతోనే స్టాండ్స్‌లోకి వచ్చేసేవాళ్ళు. "ఎయ్యక్కా, ఎయ్యి!" అని ఒకటే గోల. అక్క షార్ట్స్‌కి జేబు కావాలని నన్ను పీక్కు తింది. కుట్టిచ్చాను. ఫైనల్ మధ్యలో అందులోంచి తలనొప్పి బామ్ డబ్బీ కింద పడితే, రిఫరీ ఆట ఆపి తీసిచ్చాడు. కప్పు మాత్రం మనదే.

వేరే టీముల అమ్మాయిలు ఆవిడ కాంట్రాక్ట్ ఫొటో అడిగి తీసుకునేవాళ్ళు. వాళ్ళ మేనేజర్లకి చూపించి, మాకూ ఇలాగే కావాలన్నారు. ఒక్కొక్కరికీ వచ్చాయి కూడా. చుక్కలు చూపించిన ప్లేయర్లు చాలామంది ఉంటారు. ఈ పని చేసింది మాత్రం మా అక్క.

ఈరోజు మార్చురీకి వెళ్ళాం. టీమ్ మొత్తం జెర్సీల్లో వచ్చింది. వేరే టీముల పిల్లలు కూడా వచ్చారు. ఇంతమందిని చూసి గార్డు కంగారుపడ్డాడు. "మీరంతా ఏమవుతారు ఈవిడకి? ఫ్యామిలీయా? ఫ్రెండ్సా?" అని అడిగాడు.

జోనా కళ్ళు తుడుచుకుని, నిటారుగా నిలబడి చెప్పింది.

"సేమ్ కంపెనీ."

వెళ్ళిరా అక్కా. చాలా కష్టపడ్డావు, ఇక ఆ ప్రభువు ఒళ్ళో హాయిగా పడుకో.